పేరొకటి, చేప యొకటి



ముప్పది యైదేండ్లు బడిపంతులుగా నుండి, పిల్లలకు పదముల యర్థములు చెప్పి చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. చిన్ననాట గురువుగారి సన్నిధిని అమరకోశమును వల్లించితిని. అందలి వారివర్గమున మత్స్యము, మీనము, ఝషము మున్నగు పేరులన్నియు నాకు కంఠస్థములే గాని, చేపను నోట బెట్టి యెఱుగను. అట్టివాడు నేడు చేపల పేరులను గూర్చి, అందును జపాను దేశపు సుషీ యను భోజ్యమును గూర్చి ప్రసంగించుట యేమని మీరు నవ్వవచ్చును. నవ్విన పిదప నైనను వినుడు. ఇది రుచిని గూర్చిన ప్రసంగము కాదు. మాటకును వస్తువునకును గల సంబంధమును గూర్చినది. ఆ సంబంధము పుస్తకమున తెగినచో ఎఱ్ఱసిరాతో దిద్దవచ్చును. పళ్లెమున తెగినచో కడుపు అనుభవింపవలసి వచ్చును.

నా మనుమడొకడు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. దేశము విడిచిన పిదప వానికి చేప తినుట యలవాటయ్యెను. దానికి నేను కోపింపలేదు. గత సంవత్సరము వాడొక భోజనశాలలో, పట్టికయందు 'తెల్ల ట్యూనా' అని వ్రాసియున్న దానిని మెచ్చి పండ్రెండు ముక్కలు తినెనట. ఆ రాత్రి మొదలు రెండు దినములు కడుపు వశము తప్పెను. నారింజవన్నె నూనె తన కెఱుక లేకయే జాఱిపోయెను. వైద్యుడు లక్షణములు విని, 'నీవు తిన్నది ట్యూనా కాదు. ఎస్కొలార్ అను వేఱొక చేప కావలెను' అనెనట. ఈ సంగతిని ఫోనులో సిగ్గుపడుచు చెప్పి, "తాతగారూ, పేరు చదివియే తింటిని గదా!" అని వాడన్న మాట నా చెవిలో నిలిచిపోయినది. చదువు నేర్పినవాడను నేనే గదా! కాబట్టి ఆ పేరుల చరిత్రమును వెదకి చదివితిని. తెలిసినంత మీ ముందుంచుచున్నాను.

మొదట సుషీ యను పేరునే విచారింతము. పచ్చి చేపకే సుషీ యని పేరు గలదని మనవారు పలువురు తలంతురు. అది పొరపాటు. పులుపు అను నర్థము గల ప్రాచీనపదమునుండి యా మాట పుట్టినది. ఆదిని సుషీ యనగా చేపను నిలువచేయు పద్ధతి. ఉప్పు పట్టించిన చేపను వండిన యన్నములో పొదిగి, బరువు పెట్టి నెలల తరబడి యుంచుదురు. అన్నము పులిసి, ఆ పులుపు చేపను చెడకుండ కాపాడును. వరి పండించు ఆగ్నేయాసియా జనులనుండి ఈ పద్ధతి జపానునకు వచ్చినదని పండితులు తలంచుచున్నారు. మన యూరగాయ జాడీలో ఉప్పును పులుపును చేయు పనిని అక్కడ ఉప్పును పులిసిన యన్నమును చేసినవి. క్రీ. శ. 927లో పూర్తియైన 'ఎంగిషికి' అను జపాను రాజశాసన గ్రంథమున, ప్రజలు ప్రభుత్వమునకు పన్నుగా చెల్లింపవలసిన వస్తువులలో ఈ పులిసిన చేపయు పేర్కొనబడినది. బివా సరస్సు తీరమున 'ఫునాజుషి' యను పేర ఆ ప్రాచీనవిధానము నేటికిని నిలిచియున్నది.

కాలక్రమమున జనులకు ఓపిక తగ్గెను. నెలలు వేచియుండక, అన్నమున వినిగరు కలిపి అప్పటికప్పుడే పులుపు తెప్పించు పద్ధతి యేర్పడెను. 1820 ప్రాంతమున ఎడో నగరమున, అనగా నేటి టోక్యోలో, హనాయ యోహేయి యనువాడు చేతితో నొత్తిన యన్నపు ముద్దపై చేపముక్క నుంచి యిచ్చుటచే ప్రసిద్ధి కెక్కెను. నేడు లోకమంతట సుషీ యని పిలువబడునది ఆ సంప్రదాయమునుండి వచ్చినదే. అయినను అప్పటి వంటవారు చేపను కేవలము పచ్చిగా నుంచలేదు. కొన్నింటిని సోయా రసమున నానవేసిరి, కొన్నింటికి ఉప్పును వినిగరును పట్టించిరి, కొన్నింటిని ఉడికించిరి. మంచుపెట్టెలు లేని కాలమున అదియే వారి జాగ్రత్త.

ఇచట నొక్క విషయము గమనింపుడు. ఆ చేప ఎడో నగరము నెదుటి యఖాతమున దొరకినది. పట్టిన జాలరియు, కోసిన వంటవాడును, తిన్న పౌరుడును ఒకే తీరమున నివసించువారు. పేరు చెప్పినంతనే వస్తువు కన్నుల గట్టెడిది. అబద్ధమాడినచో మఱునాడే బయటపడెడిది. పేరునకు కాపు శాసనము కాదు, ఇరుగుపొరుగు.

అచ్చటను ఒక చేపకు పెక్కు పేరులు గలవు. 'బూరి' యను చేప వయస్సు పెరిగినకొలది పేరు మార్చుకొనును. టోక్యో ప్రాంతమున దానిని పిల్లనాట వకాషి యనియు, పిదప ఇనాద యనియు, వరాస యనియు, పూర్ణవయస్సున బూరి యనియు పిలుతురు. ఒసాకా ప్రాంతమున మధ్యవయస్సున హమాచి యందురు. ఉద్యోగమున పైకి వచ్చినవానికి బిరుదు మారినట్లు పేరు మారునని, ఇట్టివానిని 'పదవి పెరుగు చేప'లని వారు ముచ్చటగా చెప్పుకొందురు. ఇది మనకు వింత కాదు. సముద్రమున ఇలస యనబడునది వఱదనీటి కెదురీది గోదావరిలో ప్రవేశించినచో పులస యగుచున్నది గదా! ఒక వస్తువునకు పెక్కు పేరులుండుట దోషము కాదు, అమరకోశమంతయు అదియే. పెక్కు వస్తువులకు ఒక్క పేరు తగిలించి, ఏది యేదియో చెప్పకుండుటయే దోషము. ఇతర తీరములనుండి మంచులో వచ్చిన ఇలసను గోదావరి యొడ్డున పులస యని యమ్ము మోసము మనవారును ఎఱుగుదురు. అయితే అచట నష్టపడునది సంచి. నేను చెప్పబోవు చోట నష్టపడునది శరీరము.

1923 సెప్టెంబరు 1వ తేదీన టోక్యో ప్రాంతమున మహాభూకంపము సంభవించెను. ఇండ్లు కోల్పోయిన సుషీ వంటవారు స్వస్థలములకు చెదరిపోవుటచే ఆ వంట జపానంతట వ్యాపించెను. శీతలయంత్రములు వచ్చినవి. 1958లో ఒసాకా ప్రాంతమున, పళ్లెములు తిరుగు పట్టాపై తమంత తామే వచ్చు భోజనశాల తెఱువబడినది. 1960 దశకమున లాస్ ఏంజెల్స్ నగరమున సుషీ శాలలు పుట్టినవి. 1972లో కెనడా తీరమున పట్టిన నీలిరెక్కల ట్యూనా విమానమెక్కి టోక్యో సంతకు చేరెను. 1980 దశకమున నార్వే దేశీయులు తాము పెంచిన సాల్మను చేపను జపానునకు తెచ్చి, పచ్చిగా తినవచ్చునని ప్రచారము చేసిరి. అంతకుముందు జపానీయులు తమ సముద్రపు సాల్మనును పురుగుల భయముచే పచ్చిగా తినెడివారు కారు. నేడు సాల్మను లేని సుషీ పట్టిక యరుదు.

ఈ విధముగా ఒకే తీరమునకు చెందిన వంట సప్తసముద్రములు దాటినది. చేప ప్రయాణము చేసినది. పేరును ప్రయాణము చేసినది. కాని రెండును ఒకే యోడలో పోలేదు. పట్టువాడొక దేశమున, కోసి చర్మము తీయువాడొక దేశమున, మంచుగదిలో దాచువాడొక దేశమున, తినువాడొక దేశమున నుండిరి. తలయు తోకయు పొలుసును పోయిన పిదప తెల్లని ముక్కను చూచి, 'నీ వెవ్వరి దాన'వని యడిగిన నది చెప్పగలదా?

మా మనుమని ముంచిన 'తెల్ల ట్యూనా' సంగతి వినుడు. ట్యూనా యనగా మన కోస్తా జాలరులు సూర యని పిలుచు చేపల కుటుంబము. అమెరికా శాసనము ప్రకారము డబ్బాలలో నమ్ము ట్యూనాకు 'తెలుపు' అను విశేషణము ఆల్బకోర్ అను ఒక్క జాతికే చెల్లును. సుషీ శాలల పట్టికలలో నా పేరు తఱచుగా ఎస్కొలార్ అను చేపకు తగిలింపబడుచున్నది. ఎస్కొలార్ ట్యూనా కానే కాదు. లోతునీటి చేప, వెన్నవలె తెల్లగా, మెత్తగా, రుచిగా నుండునట. అందలి కొవ్వు మాత్రము సామాన్యమైన కొవ్వు కాదు, మైనమువంటిది. చేప బరువులో ఇంచుమించు ఐదవవంతు అదియే. మనుష్యుని జీర్ణకోశము దానిని జీర్ణింపజేయలేదు; లోనికి పోయినది పోయినట్లే నూనెగా వెడలివచ్చును. వండినను, గడ్డకట్టించినను అది మారదు. ఇంకొక మాట చెప్పవలెను: సుషీకి పుట్టినిల్లయిన జపానులో ఈ చేపను తినుటకై యమ్ముట నిషిద్ధము. పుట్టింట వెలివేయబడినది అత్తింట వేఱుపేరుతో విందుపీట మీద కూర్చున్నది! 2007 ఆరంభమున హాంకాంగ్ నగరమున దీని దగ్గఱి చుట్టమైన నూనెచేపను కాడ్ అను చేప పేర నమ్మగా, వందలకొలది జనులు ఇట్లే బాధపడి ఫిర్యాదు చేసిరి.

ఇట్టి మారుపేరు లెట్లు బయటపడినవి? 2003లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయమునకు చెందిన పాల్ హెబర్ట్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఒక యుపాయము చెప్పిరి. ప్రతి ప్రాణి కణములోను వంశలక్షణములను దెలుపు డి.ఎన్.ఏ. యను పదార్థము గలదు. అందొక నియమితమైన చిన్నభాగమును చదివినచో, దుకాణపు సరకుపై ముద్రించిన నల్లగీతలవలె, ఆ ప్రాణి యే జాతిదో తెలియును. తల లేని ముక్కయు ఇక మాటాడగలిగినది. 2008లో న్యూయార్కులో ఉన్నతపాఠశాల చదువుచున్న ఇద్దఱు బాలికలు, తమ పేటలోని సుషీ శాలలనుండియు దుకాణములనుండియు అఱువది చేపముక్కలు సేకరించి గ్వెల్ఫునకు పంపిరి. జాతి తెలియవచ్చిన ముక్కలలో నాలుగవవంతునకు పేరు తప్పు! 'తెల్ల ట్యూనా' యని యమ్మిన దొకటి, చెఱువులలో చౌకగా పెంచు తిలాపియాగా తేలినది. పెద్దలు పేరు చదివి తినిరి. పిల్లలు పేరును పరీక్షించిరి. బడిపంతులుగా నా కీ వార్త యెంత సంతోషము కలిగించెనో చెప్పజాలను.

తరువాత పెద్ద పరిశోధనలు జరిగినవి. ఓషియానా యను సముద్రసంరక్షణ సంస్థ 2010 మొదలు 2012 వఱకు అమెరికాలో 674 చోట్ల 1,215 నమూనాలు కొని పరీక్షింపజేసి, 2013లో ఫలితములు ప్రకటించెను. మొత్తముమీద మూడవవంతునకు పేరు సరిగా లేదు. సుషీ శాలలలో కొనిన నమూనాలలో నూటికి 74 తప్పు పేరు గలవి. 'తెల్ల ట్యూనా' నమూనాలలో నూటికి 84 ఎస్కొలారే. 'రెడ్ స్నాపర్' అను పేర కొనిన 120 నమూనాలలో నిజమైనవి ఏడు మాత్రమే. న్యాయముగా నొక మాట చేర్చవలెను: ఎక్కువగా మారుపేరు పొందు చేపలనే ఆ సంస్థవారు ఏరి కొనిరి. కావున అన్ని చేపలకును ఈ లెక్క యన్వయింపదు. అయినను ఏడింటికి నూట పదుమూడు అబద్ధములున్న పేరును పేరనుటయే కష్టము.

'తృప్తిగా తిన్న పిదప పేరుతో పని యేమి?' అని కొందఱనవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానమే నా ప్రసంగమునకు ప్రాణము. చేపకు చేపకు ఆపద వేఱు. ఆపద కాపదకు మందు వేఱు. ఏ మందు వాడవలెనో చెప్పునది పేరే.

మొదటి యాపద పురుగులు. సముద్రపు చేపలు పెక్కింటిలో అనిసాకిస్ అను సన్నని పురుగుండును. అది ప్రాణముతో కడుపున బడినచో జీర్ణకోశపు గోడను తొలిచి, కొన్ని గంటలలోనే భరింపరాని నొప్పి పుట్టించును. 1960లో హాలండు దేశమున, కొద్దిగా ఉప్పు పెట్టిన హెరింగు చేపలను తిన్నవారియందు దీనిని గుర్తించిరి. 1968లో ఆ ప్రభుత్వము అట్టి చేపను ముందుగా గడ్డకట్టింపవలెనని శాసించెను. వినిగరు గాని, సుషీతో వడ్డించు వసాబి కారము గాని ఆ పురుగును చంపవు. బాగుగా నుడికించుటయో, గట్టిగా గడ్డకట్టించుటయో మందు. అమెరికా నియమము ప్రకారము పచ్చిగా వడ్డించు చేపను సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో ఏడు దినములుంచవలెను. లేదా దిగువ 35 డిగ్రీలలో గడ్డకట్టించి పదునైదు గంటలుంచవలెను. కొన్ని జాతుల ట్యూనాలకు మాత్రము ఈ నియమమునుండి మినహాయింపు గలదు; వానియందు ఈ భయము తక్కువ. ఇక మీరే యాలోచింపుడు. వేఱొక చేప ట్యూనా పేరు పెట్టుకొన్నచో, పేరుతోపాటు ఆ మినహాయింపును గూడ దొంగిలింపగలదు. పురుగు పేరు చదువుకొని యాగదు గదా!

రెండవ యాపద హిస్టమిన్. ట్యూనా మొదలగు చేపలను పట్టిన తోడనే మంచులో నుంచనిచో మాంసమున ఈ పదార్థము పుట్టును. తిన్న కొలది సేపటికే మొగము కందును, తల బ్రద్దలగునట్లుండును, గుండె దడదడలాడును. దీనిని వంట పోగొట్టలేదు, చలియు పోగొట్టలేదు. మొదటినుండి చల్లగా నుంచుటయే మార్గము.

మూడవ యాపద ప్రాణాంతకము. జపానీయులు ఫుగు అని పిలుచు, ఒడలుబ్బించు చేప కాలేయమునందును అండములయందును ఘోరవిషము గలదు. దానికి విఱుగుడు లేదు, వండినను పోదు. పదునాఱవ శతాబ్దాంతమున హిదెయోషి యను సేనాధిపతి, తన సైనికులు దీనిచే చచ్చుట చూచి, ఫుగును తినరాదని శాసించెను. 1888లో ఇతో హిరొబుమి ప్రయత్నమున యమగుచి మండలమున ఆ నిషేధము తొలగినది. పిదప, విషభాగములను తీయ నేర్చి యనుమతి పొందినవారే దానిని కోయవలెనను కట్టుబాటు లేర్పడినవి. 1975లో బందో మిత్సుగొరో యను ప్రసిద్ధనటుడు క్యోటోలో కాలేయమునే కోరి తిని మరణించెను. అయినను అచట ఫుగు ఫుగుగానే పిలువబడును. పేరు వినినంతనే జాగ్రత్త మేల్కొనును. పేరు మారిన నేమగునో 2007లో తెలిసినది. 'మంక్‌ఫిష్' అను పేర అమెరికాకు దిగుమతి యైన చేపను వండుకొని తిని చికాగో ప్రాంతమున ఇద్దఱు జబ్బుపడిరి. అందున్నది ఫుగు విషమని ప్రభుత్వము ప్రకటించి, ఆ సరకును మరల్పించెను. ఆ యింటివారు ధైర్యము చూపి ఫుగును తినలేదు. పేరును నమ్మి తినిరి.

మఱి తప్పెవ్వరిది? అందఱును దొంగలని నేననను. చౌక చేపను ప్రియమైన పేర నమ్ము లోభులు కొందఱు. తమకే యెవరో చెప్పిన పేరును తిరిగి చెప్పు అమాయకులు కొందఱు. జపాను మాటకు ఆంగ్లమున సరియైన మాట దొరకక దగ్గఱిదానిని వాడినవారు కొందఱు. జపాను వారి 'తాయి' చేపకు బదులుగా 'రెడ్ స్నాపర్' అని వ్రాయుట యిట్టిదే. రెండును వేఱు జాతులు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున వర్తకులనుండి ప్రజలను కాపాడుటకు ఒక ప్రకరణమే కేటాయించి, ధాన్యము, నూనె, ఉప్పు, ఔషధము మున్నగువానిలో పోలికగల యితరవస్తువును కలిపినవానికి పండ్రెండు పణముల దండన విధించెను. పోలికయే మోసమునకు తలుపని యాయన ఎఱుగును.

నేటి ప్రభుత్వములును మేల్కొనుచున్నవి. యూరోపు సమాఖ్యలో 2014 డిసెంబరు నుండి, అంగడిలో నమ్ము చేపకు వాడుకపేరుతోపాటు శాస్త్రీయనామమును, పట్టిన సముద్రమును, పట్టినదో పెంచినదో యను వివరమును తెలుపవలెను. అమెరికాలో 2018 జనవరి 1 నుండి ట్యూనా, రెడ్ స్నాపర్ మున్నగు కొన్ని తరగతుల దిగుమతులకు, పట్టిన యోడ మొదలుకొని రేవు వఱకు లెక్క చూపవలెను. శాస్త్రీయనామ మనగా స్వీడను దేశీయుడైన లిన్నేయసు 1758లో ప్రాణులకు స్థిరపఱచిన రెండుమాటల లాటిను పేరు. ఎవ్వరికిని ఇంటిభాష కాకపోవుటచేతనే అది యెల్లరకును ఒక్కయర్థము నిచ్చుచున్నది. సంస్కృతము చదివిన నాకు ఈ లాభము చెప్పకయే తెలిసినది.

పెద్దలారా! మన పల్లెలలో సుషీ లేకపోవచ్చును. మన పిల్లలున్న దేశములలో నున్నది, హైదరాబాదునకును వచ్చినది. కావున వారితో మాటాడునప్పు డీ నాలుగు మాటలు చెప్పుడు. 'తెల్ల ట్యూనా' యని యున్నచో ఏ చేప యని యడుగవలెను; చెప్పలేనిచో మానవలెను. 'సుషీకి తగిన శ్రేణి' యను ముద్రకు అమెరికాలో శాసనబద్ధమైన యర్థము లేదు. దానిని జూచి మోసపోరాదు. నదీతటాకముల చేపను పచ్చిగా తినరాదు. గర్భిణులును, పసివారును, రోగపీడితులును, మనవంటి వృద్ధులును పచ్చి చేప జోలికి పోకుండుట మేలు. చేప తిన్న పిదప పెదవులు, నాలుక తిమ్మిరెక్కినచో ఇంటిమందు చేయక వెంటనే ఆసుపత్రికి పోవలెను. తిన్న చేప మిగిలియున్నచో వెంట తీసికొనిపోవలెను.

మా మనుమడు సుషీ తినుట మానలేదు. మానుమని నేనును చెప్పలేదు. ఇప్పుడు మాత్రము వడ్డించువానిని పిలిచి, "అయ్యా, ఇది యే చేప? ఎచ్చటిది?" అని యడుగుచున్నాడట. మొదట తోడివారు నవ్విరట. పిదప వారును అడుగ నారంభించిరట. బడిలో నేను పిల్లలకు చెప్పినది ఇదియే: తెలియని పదము కనబడినచో దాటి పోవద్దు, ఆగి యర్థమడుగుము. అది పాఠమునకు ఎంత యవసరమో పళ్లెమునకును అంతే యవసరము.